బూజు మందు సేల్స్‌మన్

"విదేశీ ముఠా మకాం సోయా చేల మధ్య పాత గిడ్డంగిలో. డ్రోన్లతో ఆకులు తినే లద్దె పురుగు గుడ్లు చల్లబోతున్నారు. ఎప్పుడో తెలీదు," అన్నాడు చీఫ్. "నీది సేల్స్‌మన్ వేషం. ఆకుమచ్చకి బూజు మందు పంచుతావు. మీ అక్క ఊరే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు."

"మందు నిజమైనదేనా సార్?"

"నిజమైనదే. వేషంలో లోటు ఉండకూడదు."

ఏజెంట్ గద్ద ఏ వేషమైనా ప్రాణం పెట్టి వేస్తాడు. అదే అతని గొప్ప, అదే అతని ఖర్మ. జేబులో కెమెరా పెన్ను, సంచీ నిండా శాంపిల్ డబ్బాలు పెట్టుకుని, గిడ్డంగి చుట్టూ ఒక్క చేను వదలకుండా ఉచితంగా పంచాడు. మొదటి డబ్బా అక్కకే ఇచ్చాడు. "ఇన్నాళ్లకి బుద్ధిగా ఒక ఉద్యోగం పట్టావురా," అని అక్క మురిసిపోయింది. బావ ఆ మందు చేనంతా రెండుసార్లు కొట్టాడు.

నెల తిరగకుండానే ఒక మధ్యాహ్నం గిడ్డంగి కప్పు తెరుచుకుంది. గద్ద గోడ దూకాడు. ఇద్దరు కాపలావాళ్లు నేలకరిచారు. లోపల డ్రోన్ల రెక్కలు తిరుగుతున్నాయి. గోడమీద కౌంట్‌డౌన్ నాలుగు, మూడు... మెయిన్ స్విచ్ లాగేశాడు. రెండు దగ్గర ఆగింది.

నల్ల కళ్లద్దాల మేడమ్ తాపీగా బయటికొచ్చింది. ముఠాకి శాస్త్రవేత్త, రహస్యంగా మన డబుల్ ఏజెంట్.

"గొడుగు తెచ్చారా?" కోడ్ అడిగాడు.

"తడవడమే ఇష్టం."

"మనవైపు ఉండి, ఇంతదాకా ఎందుకు రానిచ్చారు?"

"ఇన్నాళ్లూ ఆపింది నేనే. ఈ చేలలో లద్దె పురుగు ఎప్పుడూ ఉంటుంది. వాన తడికి దాని ఒంటిమీద తెల్ల బూజు పుట్టి, వారంలో చంపేస్తుంది. మన గుడ్లకీ అదే గతి అని ముఠా బాస్‌కి నచ్చజెప్పాను." కళ్లద్దాలు తీసింది. "ఇంతలో ఎవరో ఊరంతా బూజు మందు కొట్టించారు. ఆకుని తినే బూజేదో, పురుగుని చంపే బూజేదో మందుకి తెలీదు కదా. రెండూ పోయాయి. అది చూసి బాస్ ఇవాళే ముహూర్తం పెట్టాడు. ఇక ఈ గుడ్లు కూడా అక్కర్లేదు. ఉన్న పురుగులే చాలు."

గద్దకి కొట్టడానికి ఎదురుగా ఎవడైనా ఉంటే బాగుండుననిపించింది. అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మచ్చ తగ్గింది కానీ పురుగు పట్టుకుందిరా. ఏటా దానంతట అదే పోయేది. ఈసారి సగం చేనులో ఆకుల ఈనెలే మిగిలాయి. మీ బావ గట్టు మీదే కూర్చుండిపోయాడు. నీ మందు ఇంకో డబ్బా పంపు."

"వద్దక్కా. ఇక అది కొట్టొద్దు."

"మరేం చెయ్యమంటావు?"

ఎన్నో దేశాల్లో తాళాలు తీసినవాడికి ఏడుపొచ్చింది. "వస్తున్నా," అని మాత్రం అన్నాడు.

ఆ వెంటనే చీఫ్ ఫోన్. "శభాష్. మేడమ్ రిపోర్టు అందింది. ఎవడో మన మనిషే బూజు మందు పంచి ముఠాకి దారి వేశాడట. పట్టుకో. వారం టైమిస్తున్నాను."

గద్ద భుజాన ఉన్న శాంపిల్ సంచీ కింద పెట్టాడు.

"వారమెందుకు సార్? ఇద్దరూ దొరికిపోయారు."

"ఇద్దరా?"

"ఒకడు ఈ ఫోన్లో మాట్లాడుతున్నాడు. రెండోవాడు వింటున్నాడు."