వివియన్ ఇచ్చిన ఎడిటర్

నైహు మెట్రో స్టేషన్ మెట్ల మీద ఒక ప్రోగ్రామర్ కుప్పకూలాడు. గుండెపోటన్నాయి పేపర్లు. అతని మెడ మీది సూదిగాటు సంగతి హంతకులకీ, గూఢచారి డిపార్ట్‌మెంట్ డైరెక్టర్ గావ్‌కీ మాత్రమే తెలుసు.

"పోయినవాడు భూకంప హెచ్చరికల వెబ్‌సైట్ కడుతున్నాడు," అన్నాడు గావ్. "కోడ్ ఏ ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లో రాయాలో తేల్చాల్సింది అతనే. ఇక ఆ పని నీది. విదేశీ ముఠా తమ ఎడిటర్‌ని అంటగట్టాలని చూస్తోంది. జాగ్రత్త."

ఏజెంట్ యెన్ కన్సల్టెంట్ వేషంలో ఆ వెబ్‌సైట్ ఆఫీసుకి వెళ్లాడు. కళ్లజోడులో కెమెరా.

"సగం చక్కెర, ఐస్ లేదు," అంటూ ఒక అందగత్తె టీ అందించింది. అది డిపార్ట్‌మెంట్ కోడ్‌వర్డ్. పేరు వివియన్. మన మనిషే అనుకున్నాడు యెన్. ఆమె చూపిన కొత్త ఎడిటర్ మెరుపులా పనిచేసింది.

టీమ్ పెద్ద షియు-లాన్‌కి నచ్చలేదు. "తయారుచేసింది ఎవరో తెలియకుండా ఎలా తీసుకుంటాం?"

"మీ కాలం అయిపోయిందక్కా," అన్నాడు యెన్, వివియన్ వైపు చూస్తూ. అందరూ నవ్వారు. షియు-లాన్ తల దించుకుంది. కొత్త ఎడిటర్ ఖాయమైంది.

వెబ్‌సైట్ ప్రారంభోత్సవం నాటి ఉదయం యెన్ కెమెరా వీడియో వెనక్కి తిప్పి చూశాడు. పని మీద కాదు, వివియన్ నవ్వు మరోసారి చూడాలని. ఆమె ఉంగరంలో సన్నటి సూది తళుక్కుమంది. అంటే ప్రోగ్రామర్‌ని చంపింది ఈమే, కోడ్‌వర్డ్ దొంగిలించిందే! వెనక స్క్రీన్ మీద, ఎవరూ టైప్ చేయని ఒక లైను దానంతటదే కోడ్‌లో చేరింది. యెన్ దాన్ని చదివాడు: సైట్ తెరవగానే నగరమంతటికీ దొంగ భూకంప హెచ్చరిక! కిక్కిరిసిన మెట్రోలో తొక్కిసలాట!

యెన్ హాల్లోకి దూసుకెళ్లాడు. అధికారి వేలు బటన్ మీదికి వెళ్తోంది.

"ఆపండి! ఆ ఎడిటర్‌లో విషం ఉంది! ఎంచుకున్నది నేనే!"

వివియన్ ఉంగరమున్న చెయ్యి అతని మెడ మీదికి విసిరింది. యెన్ ఆమె మణికట్టు పట్టేశాడు. షియు-లాన్ సర్వర్ కేబుల్ లాగేసింది. ఒక్క క్షణం ఆలస్యమైతే అంతే.

వివియన్‌ని తీసుకెళ్లాక యెన్ షియు-లాన్ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు. "క్షమించండక్కా."

"గుసగుసలెందుకు? ఆ రోజు అందరికీ వినిపించేలాగే అన్నావుగా?"

యెన్ చెవులు ఎర్రబడ్డాయి. టీమ్ ముందు నిలబడి, ఆ క్షమాపణే గట్టిగా చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది.

ఫోన్ మోగింది. గావ్. "శభాష్! రేపు నీకు సన్మానం."

"మారువేషంలో రావచ్చా సార్?"