వరుస తప్పిన తోటకూర

గేటు తీసి రెండడుగులు వేసిందో లేదో, డిజైనరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంటి ముందు మట్టిలో తను సున్నంతో గీసిచ్చిన వలయాలు మూడు. లోపల ఎర్ర తోటకూర, దాని చుట్టూ పచ్చ తోటకూర, మళ్ళీ ఎర్రది. అంతే. చిన్నపిల్లాడికి చెప్పినా అర్థమయ్యే పని! ఇప్పుడేమో ఎర్రదీ పచ్చదీ బస్సు దిగిన జనంలా ఎక్కడ పడితే అక్కడ నిలబడి ఉన్నాయి.

"ఏవండీ! వడ్రంగి గారూ!"

పక్కనున్న షెడ్డులో చిత్రిక చప్పుడు ఆగింది. జుట్టు నిండా రంపపు పొట్టుతో ఇంటావిడ కొడుకు బయటికొచ్చాడు.

"వచ్చారా? నిన్న మధ్యాహ్నమే నాటేశాను. బాగుంది కదా?"

"ఏం బాగుంది? ఎర్రవి ఏ ట్రేలో ఉన్నాయో, పచ్చవి ఏ ట్రేలో ఉన్నాయో చెప్పే కదా వెళ్ళాను!"

"చెప్పారు. ట్రేలు చెయ్యి జారి పడిపోయాయి. మొక్కలన్నీ కలిసిపోయాయి."

"కలిసిపోతే విడదీయలేరా? కళ్ళున్నాయి కదా!"

అతను చూపు పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత ఎప్పటిలాగే జోకు వదిలాడు. "తోటకూర తోటకూరే కదండీ. కడుపులోకి వెళ్ళాక ఏ రంగైతేనేం?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! మూడేళ్ళుగా కంపెనీలో ఆమె చేసిన పని ఇళ్ళ ముందు ప్లాస్టిక్ గడ్డి పరవడం. పూలమొక్కలు కూడా అక్కర్లేదు, ఆకుకూరలతో, కూరగాయలతోనే వాకిలికి అందం తెస్తానని సార్ వెంటపడి, కాళ్ళావేళ్ళా పడి, ఈ ఒక్క ఇల్లు సంపాదించుకుంది. బాగుంటే ఆ పని మొత్తం ఆమెకే అప్పగిస్తానన్నాడు సార్. బాగోకపోతే మళ్ళీ ప్లాస్టిక్ గడ్డే. సార్ వచ్చేది ఇవాళే, పదింటికి. ఇప్పుడు తొమ్మిదిన్నర.

మిగతాదంతా చక్కగా కుదిరింది. మెట్లకి రెండు వైపులా నిమ్మగడ్డి, దారి పొడవునా పుదీనా, కిటికీ కింద నల్లగా నిగనిగలాడే వంకాయలు. నట్టనడుమ ఇదిగో, ఈ కంగాళీ.

పోనీ ఇదే మొదటిసారా అంటే కాదు. పండిన టమాటాలు కోయమంటే పచ్చి కాయలు కోసి బుట్ట నింపాడు. ఎర్ర మిరపకాయలు అందానికి ఉంచండి, పచ్చివే వంటకి కోసుకోండి అంటే, మర్నాటికి చెట్టు మీద ఒక్క ఎర్ర కాయ లేదు. మొదటి రోజే అన్నాడు కదా, "వంటింట్లో ఉండాల్సినవి వాకిట్లో ఏంటండీ?" అని. కావాలనే చేస్తున్నాడని అప్పుడే ఖాయం చేసుకుంది.

అయితే పూర్తిగా కోప్పడదామన్నా కుదరని మనిషి. ఎవరూ అడక్కుండానే మొక్కలకి చెక్క పెట్టెలు చేశాడు, ఆమె చేతులు గీసుకోకుండా అంచులన్నీ నున్నగా రుద్ది మరీ. వాన ముంచుకొచ్చిన రోజు నారు మీద పట్టమని టార్పాలిన్ పట్టా ఇస్తే, తీసుకొచ్చి ఆమె నెత్తి మీద పట్టాడు. నారంతా కొట్టుకుపోయింది. ఆ సాయంత్రం ఆమె అతన్ని నానా తిట్లూ తిట్టి, ఇంటికెళ్ళాక అద్దం ముందు నవ్వుకుంది. అసలు బాధంతా అదే.

"మీకు నా పని నచ్చకపోతే మొదటి రోజే చెప్పాల్సింది," అంది. "ఇలా చాటుగా పాడుచేయడం ఎందుకు? నా బతుకు మీకు ఆటగా ఉందా?"

అతని ముఖంలో నవ్వు మాయమైంది. "నేనా? మీ పని పాడుచేయాలనా?"

అప్పటికే గుమ్మంలోకి వచ్చిన వాళ్ళమ్మ, రిటైరైన హెడ్మిస్ట్రెస్, ప్రార్థన గంట కొట్టినంత గట్టిగా అంది. "ఒరేయ్, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? నీకిచ్చిన మాట కోసం పదేళ్ళుగా నోరు కట్టుకుని కూర్చున్నా. ఇంక నా వల్ల కాదు."

అతను చేతులకంటిన పొట్టు దులుపుకున్నాడు. దులిపిందే మళ్ళీ దులిపాడు.

"నాకు ఎరుపుకీ పచ్చకీ తేడా తెలీదండీ," అన్నాడు చివరికి. "పుట్టుకతోనే. రైలు డ్రైవర్ అవుదామనుకున్నా. కంటి పరీక్షలో పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అప్పటి నుంచి ఎవరికీ చెప్పలేదు."

ఆమెకి జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ దానికన్నా ముందు చిరాకు తన్నుకొచ్చింది.

"ఈ ముక్క మూడు నెలల కింద చెప్పొచ్చు కదా మహానుభావా! నాటడం నాకు రాదు అంటే సరిపోయేది కదా!"

"మీరు అడిగారు. కాదనలేకపోయా."

"నేనడిగింది మొక్కలు నాటమని! ప్రాణాలిమ్మని కాదు!" ఇంకోటి గుర్తొచ్చింది. "ఆగండి. రోజూ ఇక్కడ నిలబడి 'రంగులు అదిరిపోయాయి' అనేవారే? అదంతా అబద్ధమా?"

"రంగులు మీ ముఖంలో చూసేవాణ్ణి. మీరు నవ్వితే బాగా కుదిరిందనుకునేవాణ్ణి."

ఆమె గబగబా మట్టిలో కూర్చుని ఎర్ర మొక్క ఒకటి పీకింది, పచ్చది ఒకటి పీకింది. నిన్ననే నాటినవేమో, చేతిలోనే తల వాల్చేశాయి. మూడోదాని మీద చెయ్యి వేయబోతే అతను అడ్డుపడ్డాడు.

"వద్దండీ. మళ్ళీ పీకితే బతకవు. సార్‌కి నేను చెప్తా, తప్పు నాదని."

"మీరేం చెప్పొద్దు. నోరు మూసుకుని నిలబడండి, చాలు."

పీకిన రెండూ మళ్ళీ నాటి నీళ్ళు పోస్తుండగానే గేటు ముందు కారు ఆగింది.

సార్ పొగడ్తల విషయంలో పరమ పిసినారి. నిమ్మగడ్డి చూసి ఊఁ అన్నాడు. వంకాయలు చూసి ఊఁ ఊఁ అన్నాడు. తోటకూర దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఇది బాగుంది," అన్నాడు. "మిగతావన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఇదొక్కటే దానంతటదే మొలిచినట్టుంది. ఇదెలా వేశావ్?"

ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రాత్రింబవళ్ళు కూర్చుని గీసిన గీతలకి ఊఁ. ఈ కంగాళీకి మెప్పు! నేనే వేశానంటే సరిపోతుంది, ఎవరికీ తెలియదు. నోటిదాకా వచ్చింది. పక్కన చూస్తే అతను చెప్పినట్టే నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"అది నేను వేయలేదు సార్. ఈయన వేశారు."

"అవునా? ఏ పద్ధతిలో కలిపారు?" సార్ అతని వైపు తిరిగాడు.

అతని రహస్యం చెప్పడానికి తనెవరు? అతను ఒకసారి ఆమె వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"పద్ధతేం లేదు సార్. నాకు ఎరుపు, పచ్చ తేడా తెలీదు. చేతికి ఏది దొరికితే అది నాటుకుంటూ పోయా."

సార్ నవ్వలేదు. మొక్కల వైపు మరోసారి చూసి, ఆమెతో అన్నాడు. "పై నెల నుంచి ఈ పని నీది. అందులో మొదటి ఇంటికి ఇలాగే వేయాలి."

"నా వల్ల కాదు సార్. నేను ఎంత కలిపినా వరుసలే వస్తాయి. ఈయన ఉంటేనే..."

"అయితే తీసుకెళ్ళు," అని కారెక్కాడు సార్. హెడ్మిస్ట్రెస్ గారు కూడా ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు.

"ఈయన ఉంటేనే అన్నారు," అన్నాడతను నెమ్మదిగా. "పనికేనా?"

ఆమె చెవులు వేడెక్కాయి. బుగ్గలు కందిపోయాయి. ఎదురుగా ఇంకెవరున్నా ఆ ముఖం చూసే జవాబు తెలుసుకునేవారు.

"సిగ్గుపడితే ముఖం ఎర్రబడుతుందంటారు. ఇప్పుడు మీది ఎర్రబడిందో లేదో నాకు తెలీదు. మీరే చెప్పాలి."

"దేవుడా! ఈ మనిషికి ప్రతిదీ నోరు తెరిచి చెప్పాలా!"

"చెప్పాలి."

"ఇష్టం! మీరంటే ఇష్టం! మూడు నెలలుగా తిట్టుకుంటూ తిట్టుకుంటూ ఇష్టపడి చచ్చాను! చాలా? వినపడిందా?"

అతనేదో అనబోయేలోపే, వంటింటి కిటికీలోంచి హెడ్మిస్ట్రెస్ గారి గొంతు ఖంగుమంది.

"నాకు వినపడిందమ్మా! నాకు పూర్తిగా సమ్మతం! వాడికీ వినపడే ఉంటుంది, మళ్ళీ అనిపించుకోవాలని చూస్తున్నాడు!"

అతను నిజంగానే మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె విసుక్కుంటూనే మళ్ళీ చెప్పింది.