నల్లరాతి మీద రంగులు

"ఇది చేపల తొట్టా, పెళ్ళి కేకా?"

బూట్ల బురదైనా దులుపుకోకుండా గుమ్మంలో నిలబడి నెరిడా అడిగిన మొదటి మాట అది. హేమిష్ ముఖం వాడిపోయింది. తొట్టి అడుగున తెల్లటి పగడపు ఇసుకను వేలితో సర్ది సర్ది పరిచాడు పాపం.

కెయిన్స్ ఓడరేవులో పడవలకు రంగులు వేసే కుర్రాడతను. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడికి నీళ్ళంటే నీలం, అడుగంటే తెలుపు. ఇంకో రంగు ఉంటుందని ఊహకైనా రాదు. మొన్న చేపల క్లబ్బులో నెరిడా లేచి, "తుఫానుకి మా షెడ్డు కప్పు ఎగిరిపోయింది. తాతయ్య చేపలు బకెట్లలో ఉన్నాయి, ఎవరైనా చోటిస్తారా?" అంటే అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఇతనే. జాలి చేపల మీదా, చూపు అమ్మాయి మీదా అని క్లబ్బంతా ముసిముసిగా నవ్వుకుంది.

ఆ చేపలు మామూలువి కావు. వానకొండల్లోని ఒక చిన్న వాగు నుంచి నెరిడా తాతయ్య తెచ్చి పెంచిన రెయిన్‌బో చేపల సంతతి. తాతయ్య పోయాడు. వాగూ పూడిపోయింది. బకెట్లో ఉన్నవి చస్తే ఆ రకం లోకంలో ఇంకెక్కడా దొరకదు.

"తెలుపైతే అందంగా ఉంటుందనీ..." నసిగాడు హేమిష్.

"అందం నీకు. వాటికి భయం! కింద తెల్లగా ఉంటే పైనుంచి కొంగ కనిపెట్టేస్తుందని రంగంతా దాచేసుకుంటాయి."

"నా తొట్లో కొంగెక్కడిది?"

"ఆ సంగతి చేపలకి చెప్పు."

బల్ల మీద అతను సగం తిన్న చిప్స్, పక్కన వెనిగర్ సీసా ఉన్నాయి. నెరిడా గుప్పెడు ఇసుక గిన్నెలో వేసి వెనిగర్ పోసింది. బుస్సుమని నురగ పొంగింది.

"చూశావా? ఇదంతా సున్నం. నీళ్ళలో కరుగుతూనే ఉంటుంది. మావి మెత్తటి వాననీళ్ళలో పుట్టిన చేపలు. ఇందులో వేస్తే..."

అంతసేపూ ఆటపట్టించిన పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి హేమిష్‌కు ఆ ఇసుక మీదే కోపం వచ్చింది.

"ఏం వెయ్యాలో చెప్పు. ఇది ఇప్పుడే ఎత్తి పారేస్తా."

ఇద్దరూ ట్రక్కెక్కి కొండమీది యుంగబుర్రా ఊరి దారి పట్టారు. అక్కడ నెరిడా అత్త పొలమంతా ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం నేల. తవ్వితే నల్లరాతి గులకలే. వాన మొదలైంది. హేమిష్ వెనిగర్ సీసా పట్టుకుని, తీసిన ప్రతి గుప్పెడు మీదా చుక్కలు వేసి, బుస్సుమంటుందేమోనని చెవి పెట్టి వినసాగాడు.

"చాల్లేవయ్యా! కొండలో రాళ్ళన్నీ ఊరగాయ పెట్టేలా ఉన్నావ్."

"మీ తాతయ్య చేపలు కదా. నాకు భయం."

నెరిడా నవ్వు ఆపి అతని వైపు చూసింది. ఆ తర్వాత వాన సంగతి ఇద్దరికీ గుర్తులేదు. బకెట్లో గులకలు కడిగి కడిగి వంపుతున్నారు.

"ఇంకా ఎంతసేపు?"

"నీళ్ళు తేరి అడుగు కనిపించేదాకా."

"నాకు నీ ముఖం తప్ప ఇంకేం కనిపించట్లేదు."

దోసెడు మడ్డినీళ్ళు అతని ముఖాన కొట్టి, నెరిడా పక్కకు తిరిగి నవ్వుకుంది.

సాయంత్రానికి తొట్టిలో నల్లరాయి పరిచి, గుప్పెడు నాచు వేసి, నెరిడా షెడ్లోంచి తెచ్చిన పాత ఫిల్టరు పెట్టి, వాననీళ్ళు నింపి బకెట్లలోని చేపల్ని వదిలారు. పాలిపోయిన చేపలు ఓ మూలకు చేరి కదల్లేదు. "బతకవేమో" అంటూ నెరిడా ఇంటికి వెళ్ళింది. తెల్లవారుతుండగానే మళ్ళీ వచ్చి, నిద్ర లేని కళ్ళతో తొట్టి ముందు కూర్చుంది. హేమిష్ టీ ఇచ్చినా తాగలేదు.

కిటికీలోంచి మొదటి ఎండ నీళ్ళ మీద పడింది.

ఒక మగచేప మూల వదిలి బయటికి వచ్చింది. నల్లరాతి మీదుగా సాగుతూ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. నీలం, దాని కింద ఎరుపు! నుదుటి మీద బంగారు గీత వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. దాని వెనక ఇంకొకటి, మరొకటి. ఆడచేపల చుట్టూ మగచేపలన్నీ మెరుస్తూ తిరిగాయి. పడవలకు ఇన్ని రంగులు కలిపిన హేమిష్‌కు ఆ రంగులకు పేర్లు తెలియలేదు. చిన్న వాగు ఇంత వైభవాన్ని దాచుకుందా అని ఒళ్ళు గగుర్పొడిచింది.

"మా షెడ్లో ఎండ పడేది కాదు," అంది నెరిడా. "తాతయ్య చెబితే గొప్పలనుకున్నా. ఇన్నేళ్ళు మేత వేశాను గానీ వీటిని ఇవాళే చూస్తున్నా, హేమిష్."

కాసేపటికి నాచులో గాజుపూసల్లా గుడ్లు. నెరిడా చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాగు పోయినా వంశం నిలిచింది.

ఆ రంగుల ముందు అబద్ధం నిలవలేదు. "నేను ఆ రోజు చెయ్యెత్తింది చేపల కోసం కాదు, నెరిడా. నీ కోసం," అనేశాడు హేమిష్.

ఆమె తొట్టి మీంచి చూపు తిప్పలేదు. అతని చేతిని మాత్రం వెతికి పట్టుకుంది.

"తెలుసు. లేకపోతే మా తాతయ్య ప్రాణాన్ని తెచ్చి నీ ఇంట్లో పెడతానా?"