గాలికి హామీ లేదు

విజయవాడ నుంచి వచ్చిన సుభాష్ ఆ మామిడితోటలో అడుగుపెట్టగానే ఎవరో పిలిచారు. అతన్ని కాదు.

"లే... యా... లే... యా..."

అలసిపోయిన మగ గొంతు. కొమ్మల మధ్య నుంచి వస్తోంది, మనిషి మాత్రం కనిపించడం లేదు. మబ్బు కమ్మేసి మిట్టమధ్యాహ్నమే తోటంతా చీకటి పడ్డట్టుంది. కాయలు కోసేవాళ్లు నిచ్చెనల మీదే బిగుసుకుపోయి వింటున్నారు.

"ఎవరండీ పిలిచేది?" అని పక్కన బుట్టతో నిలబడ్డ సత్యవతిని అడిగాడు.

"దాసు గారండీ," అంది ఆవిడ గొంతు తగ్గించి. "కూతుర్ని పిలుస్తున్నారు. పోయి రెండేళ్లయింది, పాపం."

"ఎవరు, కూతురా?"

"కాదండీ బాబూ. దాసు గారే."

సుభాష్ తల పైకెత్తి కొమ్మల్లోకి చూశాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక చెయ్యి అతని చొక్కా కాలరు పట్టుకుని గుంజింది. అతను నిలబడ్డ చోట ఎండుకొమ్మ ఒకటి దబ్బున పడింది.

"గాలి లేస్తుంటే చెట్టు కింద నిలబడతారేంటండీ? విజయవాడలో చెట్లు లేవా?"

"ఉన్నాయండీ. అవి మనుషుల్ని పేరు పెట్టి పిలవవు."

కాలరు పట్టుకున్న అమ్మాయి నవ్వుతుందనుకున్నాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"నా పేరే లేయా," అంది.

లేయా నూజివీడులోని మామిడి పరిశోధన కేంద్రంలో సైంటిస్టు. తోట మధ్య స్తంభానికి గాలి మీటరు, మైకు పెట్టి, వాటిని నడిపే కోడ్ రాసింది. గాలి వేగం గంటకు యాభై కిలోమీటర్లు దాటితే మైకు "యాభై దాటింది, దిగండి" అంటుంది. తగ్గాక "లేదు, లేదు. గాలి లేదు. ఎక్కండి" అంటుంది. ఆ గొంతు వాళ్ల నాన్న క్రీస్తుదాసుది. అదే కేంద్రంలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసేవాడు. ముసునూరు చర్చిలో ఆదివారం వాక్యం చదివేది కూడా ఆయనే కాబట్టి చుట్టుపక్కల తోటలన్నిటికీ ఆ గొంతు తెలుసు.

ఇక మనవాడు. ప్రభుత్వ సైంటిస్టులు రాసిన కోడ్ అందరికీ ఇచ్చేముందు చదివి, దానికి ఏ లైసెన్స్ ఉండాలో చెప్పి, కింద డిస్‌క్లెయిమర్ తగిలించడం అతని ఉద్యోగం. రోజంతా "హామీ లేదు" అని రాసీ రాసీ, అమ్మ భోజనానికి వస్తావా అని అడిగినా "హామీ ఇవ్వలేను" అనే రకం.

"ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఎటువంటి హామీ లేదు," అని ఆఫీసు గదిలో చదివి వినిపించాడు.

"నా కోడ్‌కి హామీ లేదా?"

"ఎవరి కోడ్‌కీ ఉండదండీ."

"పూత మీద తోట కొన్నట్టన్నమాట. తర్వాత గాలొచ్చినా, వానొచ్చినా అడగకూడదు."

"అంతే! ఇంత చక్కగా మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు," అన్నాడు, కాస్త ఎక్కువ ఉత్సాహంగానే. "ఇక లైసెన్స్. ఓపెన్‌గా ఇచ్చేద్దాం. కోడ్‌నీ, అందులో ఉన్న గొంతునీ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, కావలసినట్టు కోసుకోవచ్చు..."

"మా నాన్న గొంతు ఎవరైనా కోసుకోవచ్చా?"

సుభాష్ చేతిలో టీ ఒలికింది. బయట స్తంభం దగ్గర మళ్లీ మొదలైంది. "లే... యా..."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కిటికీ రెక్క దానంతటదే కొట్టుకుంది. ఆమె కళ్లలో భయం ఉంటుందనుకుని చూశాడు. అక్కడున్నది ఆశ. అది చూశాకే అతనికి నిజంగా భయం వేసింది. అప్పుడే ఆమె అంటే ఇష్టం కూడా కలిగిందని చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు.

విజయవాడ వెళ్లి కోడ్ అంతా చదివాడు. పిలుపు ఎక్కడిదో దొరికింది. స్తంభం మీద మీటరు వైరు వదులైంది. గాలికి అది ఊగినప్పుడల్లా అంకె ఒకసారి సున్నా, ఒకసారి యాభై పైన చూపిస్తోంది. "లేదు" మొదలవగానే తెగి "యాభై" అందుకుంటోంది, అదీ తెగి మళ్లీ "లేదు". లే. యా. అంతే.

దెయ్యం లేదని తేలితే మనసు తేలికపడాలి. సుభాష్‌కి మాత్రం గుండె బరువెక్కింది. ఈ మాట ఆ అమ్మాయికి ఎలా చెప్పడం?

హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి నూజివీడు చేరేదాకా చెప్పబోయే వాక్యాన్ని సరిచేసుకుంటూనే ఉన్నాడు. తీరా ఎదుట నిలబడితే ఒక్క ముక్కే వచ్చింది.

"వైరండీ."

"తెలుసండీ," అంది లేయా.

"తెలుసా?"

"కోడ్ రాసింది నేనేగా. మొదటిసారి విన్నరోజే తెలిసింది. బిగిద్దామని ఎన్నిసార్లు నిచ్చెన వేశానో. చెయ్యి రావట్లేదండీ. ఇంట్లో ఇప్పుడు అలా ఎవరు పిలుస్తారు నన్ను?"

ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది అతనికి.

"తెలియని తప్పులకైతే హామీ లేదని రాస్తానండీ. తెలిసిన తప్పుని ఆ మాట వెనక దాచలేను," అన్నాడు మెల్లగా. "ఆ రోజు గాలి వస్తుంటే ఒక్కరూ దిగలేదు, చూశారుగా. పిలుపు వింటూ నిచ్చెనల మీదే ఉండిపోయారు. ఎవరైనా పడితే?"

లేయా స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుంది. "నిచ్చెన పట్టుకుంటారా?" అంది.

పట్టుకున్నాడు. ఆమె స్తంభం ఎక్కి వైరు మీద చెయ్యి వేసింది. "లే..." అంది మైకు. స్క్రూ తిరిగింది. తోటంతా చెవులు రిక్కించింది కానీ "యా" రాలేదు. దిగేటప్పుడు ఆమె కన్నీళ్లు అతని చేతి మీద పడ్డాయి. అతను చెయ్యి తుడుచుకోలేదు.

కోడ్ ఓపెన్ లైసెన్స్‌తో బయటికొచ్చింది. దాసు గారి గొంతును మాత్రం అందులోంచి తీసి ఆ ఒక్క స్తంభానికే ఉంచారు. జి. కొండూరు తోటలవాళ్లు వాళ్ల మేస్త్రి గొంతు పెట్టుకున్నారు. అతను "దిగండ్రా" అని తిడుతుంటే అందరూ ఠక్కున దిగుతున్నారట.

కలెక్టర్ రకం మామిడికాయలు కోతకొచ్చాక సుభాష్ మళ్లీ దిగాడు.

"ఏంటండీ ఇలా వచ్చారు?"

"డిస్‌క్లెయిమర్‌లో ఒక కామా సరిచేయాలి."

"కామా కోసం విజయవాడ నుంచా?"

"చాలా ముఖ్యమైన కామా."

ఇద్దరూ స్తంభం దాకా నడిచారు. ఉదయమే ఉక్కపోత. ఒక్క ఆకు కదలడం లేదు. తోటంతా ఊపిరి బిగపట్టినట్టుంది.

"ఇప్పుడిక్కడ మరీ నిశ్శబ్దంగా ఉంటుందండీ," అంది ఆమె.

"లేయా."

'గారు' లేకుండా అదే మొదటిసారి. ఆమె అదిరిపడి స్తంభం వైపు చూసి, తర్వాత అతని వైపు తిరిగింది.

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచి హామీ లేదనే రాస్తున్నాను," అన్నాడు. "ఒక్కదానికి ఇస్తాను. ఇలా పిలుస్తూ ఉంటాను, నీకిష్టమైతే, ఎప్పటికీ. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అడిగేవాణ్ని. మీ నాన్నగారు ఉండి ఉంటే ఏమనేవారో..."

"లేదు, లేదు," అంది మైకు.

సుభాష్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"గాలి లేదు. ఎక్కండి."

పైన కొమ్మల్లోంచి సత్యవతి నవ్వు వినిపించింది. "దాసు గారు సరేనన్నారుగా, ఇంకా అలా నిలబడ్డారేంటండీ!"

లేయా నవ్వలేదు. తెల్లవారినప్పటి నుంచి గాలి లేదు. ముందు "దిగండి" అన్నాకే "ఎక్కండి" అనేలా ఆమె కోడ్ రాసింది. వైరు బిగుతుగానే ఉంది. ఆ సంగతి అతనికీ తట్టి, మైకు ఎందుకు పలికిందో చెప్పే లాగ్ చూద్దామని జేబులోంచి ఫోన్ తీశాడు.

ఆమె ఫోన్ మీద అరచెయ్యి పెట్టి మూసేసింది.

"చూడొద్దు."

"బగ్ అయితేనో?"

"డిస్‌క్లెయిమర్ నువ్వేగా రాశావు," అంది లేయా. "ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి."

చెయ్యి మాత్రం తీయలేదు.