అమావాస్యకొక పడి ఇసుక

మాసి నెల అమావాస్య. అంగమ్మాళ్ పొద్దున్నే పొయ్యిమీద సజ్జపిండి కంబంకూళు కలుపుతూ ఒక చెవి పెరటివైపే వేసి ఉంచింది. అక్కడ ఆమె మొగుడు కృష్ణసామి సాత్తూరు ఏటి ఇసుకను ఇత్తడి పడితో కొలుస్తున్నాడు. తలకొట్టిన పడి, ఒక్కటంటే ఒక్కటి. అప్పటికే ఇసుకతో బరువెక్కిన గోతంలో పోసి మూతి బిగించాడు. ఒంగి, మూటను మోకాళ్లమీదికి లాగి, రొమ్ముకు హత్తుకుని, భుజంమీదికి దొర్లించి నిటారుగా నిలబడ్డాడు.

"చూస్తివా అంగమ్మా! డెబ్బై పడులు!"

నలభై ఆరేళ్ల మనిషి పసివాడిలా నవ్వుతుంటే ఏ ఆడదైనా మురిసిపోవాలి. అంగమ్మాళ్‌కు మాత్రం గుండె జారింది. ఆ మూటలో డెబ్బై పడుల ఇసుక లేదని ఈ లోకంలో తెలిసింది ఆమె ఒక్కదానికే.

పదేళ్ల కిందట కృష్ణసామి ఇరవై పడులతో ఆ మూట కట్టాడు. అమావాస్యకొక పడి కలుపుతూ రెండేళ్లు తిరక్కముందే నలభైకి చేరాడు. ఆ తర్వాత ఏడాదికి రెండు పడులు, ఆపైన ఏడాదికి ఒకటి. నలభై ఎనిమిది దగ్గర మూట మొండికేసింది. ఆరు అమావాస్యలు ఆ నలభై తొమ్మిదో పడి లేవనేలేదు. ఇక చూడండి ఆ ఇంటి అవస్థ! దిష్టి తగిలిందన్నాడు, కూళ్లో సత్తువ లేదన్నాడు, నోరులేని ఎద్దులను కసిరాడు. చివరికి తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మొగుడు పస్తుంటే ఆవిడ మాత్రం ఎన్నాళ్లు చూస్తుంది? అతను చేనికి వెళ్లినప్పుడు దబ్బనం తీసుకుని, గోతం అడుగు కుట్టు విప్పి, పడి ఇసుక తీసి, అంత సజ్జ ఊక కూరి మళ్లీ కుట్టేసింది. మరుసటి అమావాస్యకు మూట లేచింది. కృష్ణసామి ఆ పూట మూడు చెంబుల కూళు తాగాడు. ఈ ఒక్కసారికే అనుకున్న పని అంగమ్మాళ్‌కు అలవాటైపోయింది. అతనేమో మళ్లీ అమావాస్యకొక పడి కలుపుతూ పోయాడు, రెండేళ్లు కావస్తోంది. తీసిన ఇసుక ఎప్పటికప్పుడు కొట్టం వెనక వాగులో కలిపేసింది.

మూట దించి, చెమట తుడుచుకుంటూ కృష్ణసామి గడపలో కూర్చున్నాడు.

"వచ్చే నెల పంగుని పొంగల్‌కు పెద్దరాయి ఎత్తుతానని మాట ఇచ్చేస్తిని."

అంగమ్మాళ్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఊరి జనం చేరే మందైలో రెండు ఇళవట్ట రాళ్లున్నాయి, కుర్రకారు బలం చూపించుకునేవి. చిన్నరాయిని అతను ఏటేటా ఎత్తుతూనే ఉన్నాడు. పెద్దరాయి డెబ్బై పడుల బరువని పెద్దల మాట. దాన్ని ఎత్తబోయిన అతని మేనమామ రంగరాజన్ నడుం విరిగి, నాలుగేళ్లు మంచంలో ఉండి చనిపోయాడు. ఆ నాలుగేళ్లూ ఆయనకు గంజి తాగించింది అంగమ్మాళే.

"ఎవరి ముందర ఇస్తివి మాట?"

"విరుదునగరం పత్తిపేటలో, వియ్యంకుడు లక్ష్మణసామి ముందర. తాంబూలం కూడా చేతిలో పెడితిని. కోవిల్‌పట్టినించి కూడా జనం వస్తారంట!"

"వద్దు మామా. తాంబూలం తిరిగి తీసుకో."

"ఏమిటికి?"

"వయసయింది గదా."

కృష్ణసామి మొహం ఎర్రబడింది. "వయసా? ఇప్పుడే గదా నీ కళ్లముందర ఎత్తితిని! పక్కింటివాళ్లు కుళ్లుకుంటే సరే. నువ్వు కూడానా?"

"నేను కుళ్లుకుంటానా? నీ నడుం విరిగితే గంజి పోసేది ఎవరు?"

"విరగదు! ఇంకొక మాట మాట్లాడితివంటే ఇప్పుడే మందైకి పోయి ఎత్తి చూపిస్తా!"

లేచాడు. తుండు నడుముకు బిగించాడు. అన్నంత పనీ చేసే మనిషని పాతికేళ్లుగా కాపురం చేస్తున్న ఆమెకు తెలియదా? ఇక దాచి లాభం లేదు. అంగమ్మాళ్ చూరులోంచి దబ్బనం లాగి, పెరట్లోకి పరుగెత్తి, గోతం అడుగు కుట్టు పరపరా తెంచేసింది.

ఇసుకతోపాటు ఊక బొళబొళా రాలింది.

"నేనే," అంది ఆమె. "నువ్వు పోసిందంతా నేనే తీసేస్తిని. నువ్వు తినకుండా పడుకుంటే చూడలేకపోతిని మామా."

కృష్ణసామి ఊక గుప్పిట్లోకి తీసుకుని చూశాడు. అతని నోటినించి వచ్చింది అరుపు కాదు, అంతకన్నా అధ్వానం.

"రెండేండ్లు నాకు ఊక మోయిస్తివా? నేను మూట ఎత్తి నవ్వినప్పుడంతా లోపల నువ్వు నవ్వుకుంటివా?"

"ఏడిస్తిని! ప్రతి అమావాస్యకూ ఏడిస్తిని!"

అతను వీధి తలుపువైపు నడిచాడు. అంగమ్మాళ్ ముందే పోయి గడపకు అడ్డంగా కూర్చుంది.

"నన్ను తొక్కి పో. లేకుంటే ఉండాది కొలిచి పో. నీ బలం ఎంతో తెలుసుకుని పో."

ఇత్తడి పడి అతని కాళ్ల దగ్గర పెట్టింది. చివరికి అతనే పడి అందుకున్నాడు.

ఆమె చేటతో చెరుగుతుంటే ఊక గాలికి పోయింది, ఇసుక మిగిలింది. అతను కొలిచాడు. నోట అంకెలే. నలభై ఆరు. నలభై ఏడు. నలభై ఎనిమిది. కృష్ణసామి భుజాలు కుంగిపోయాయి. రెండేళ్ల చాకిరీ, ఒక్క అంగుళం ముందుకు పోలేదు.

"ఇంకా ఉండాదే!" అంది అంగమ్మాళ్.

నలభై తొమ్మిది. యాభై. చేట ఖాళీ అయింది.

కృష్ణసామి పడి పక్కన పెట్టి పెళ్లాంవైపు తిరిగాడు.

"పోసిందంతా తీసేస్తినంటివే!"

అంగమ్మాళ్ వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టింది. ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మన కూతురు ముత్తుప్పేచ్చి రెండో కాన్పుకు విరుదునగరంలో ఉంటినే! రెండు అమావాస్యలు నేను ఇంట్లోనే లేను!"

"ఆ రెండు నెలలూ నేను ఎత్తితిని," అన్నాడతను మెల్లగా. "రెండూ ఎత్తితిని."

"నేను లేకనే పెరిగితివి మామా. ఏడాదికి ఒక పడి. నీ వయసుకు అంతే వస్తుంది. అయినా వచ్చింది గదా!"

అంత మనిషీ ఇసుక కుప్ప పక్కన చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అంగమ్మాళ్ అతని తల పొట్టకు ఆనించుకుంది. పొయ్యిమీద కూళు అడుగంటి మాడిపోయింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఆ మాడు కూళే తాగారు.

పంగుని పొంగల్ నాడు మందై జనంతో కిటకిటలాడింది. కృష్ణసామి అందరి ముందూ లక్ష్మణసామికి చేతులు జోడించాడు.

"బావా, మాట తప్పుతుండాను. నా లెక్క తప్పింది. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆడవాళ్ల మధ్య నిలబడిన అంగమ్మాళ్‌కు ప్రాణం చివుక్కుమంది. ఊక సంగతి ఒక్క ముక్కయినా బయటపెట్టలేదు ఆయన. అవమానమంతా తన నెత్తినే వేసుకున్నాడు. చిన్నరాయిని ఎత్తి వీపు వెనక్కి పడేసి, మెల్లగా పెద్దరాయి దగ్గరికి వెళ్లి దాని నెత్తిన చెయ్యి వేశాడు.

"నిన్ను అందుకునేదానికి ఇంకా ఇరవై పడులు ఉండాది," అన్నాడు రాయితో. తర్వాత తలెత్తి గుంపులో పెళ్లాంకోసం వెతికాడు. "అంగమ్మా! అరవై ఆరో ఏట ఎత్తుతా. అంతదాకా కూళు పోస్తావా?"

అంగమ్మాళ్ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఊరంతా వింటోందని కూడా మరిచిపోయింది.

"పోస్తా మామా. దబ్బనం మాత్రం నువ్వే దాచిపెట్టు."