కెప్టెన్ పేరు మీద ఎవరిదో మెదడు

ఉదయం 9.10. కాలిమ్నోస్ ద్వీపం పోలీస్ స్టేషన్‌లోకి కెప్టెన్ సకెల్లారిస్ గాలివానలా వచ్చి పడ్డాడు. వయసు డెబ్బై తొమ్మిది.

"నా పేరు మీద ఎవడిదో మెదడు పెట్టారమ్మాయ్! కేసు రాసుకో."

ఇన్‌స్పెక్టర్ థెమెలీనా కాఫీ పక్కన పెట్టింది.

బల్ల మీద రెండు ఎమ్మారై ఫిల్ములు. రెంటి మీదా ఆయన పేరే. అల్జీమర్స్ అని రిపోర్టు. పదకొండింటికి కోర్టు. జడ్జి సరేనంటే పడవ, ఇల్లు పినతండ్రి మనవడు నోమికోస్ చేతిలోకి. కెప్టెన్ వృద్ధాశ్రమానికి.

"స్కాన్ ఎప్పుడు తీయించుకున్నారు తాతా?"

"తీయించుకుంటేగా! ఆ మాటంటే, 'చూశారా, మర్చిపోయాడు' అంటున్నారు. నిజం చెప్పడమే నాకు రోగమైంది!"

ఆయన కనుబొమ్మ కింద నల్లమచ్చ.

"అదేంటి?"

"చిన్నప్పుడు ఈస్టరు నాడు మా ఊరి ఆచారం ప్రకారం కొండ మీద డైనమైట్ పేల్చాం. ఇనప డబ్బా ముక్క దిగింది. ఇంకా లోపలే ఉంది. ఈ ఊళ్లో మచ్చ లేని మగాడెవడు?"

నిజమే. అందుకే దాన్నెవరూ పట్టించుకోలేదు.

9.45కు క్లినిక్‌లో ఎక్స్‌రే తీయించింది. 10.30కి కెప్టెన్‌ని వెంటబెట్టుకొచ్చి, కోర్టు వరండాలో నోమికోస్‌నూ, రిపోర్టు రాసిన డాక్టర్ లెమోనిస్‌నూ నిలబెట్టింది.

"డాక్టర్, ఈ ఫిల్ములేం చెబుతున్నాయి?"

"రెండేళ్ల కిందట జ్ఞాపకాల భాగం కొద్దిగా కుంచించుకుంది. ఇప్పుడు బాగా ఎండిపోయింది. తొలి దశ దాటి మూడో దశకొచ్చింది."

"కంటి దగ్గర ఇనుమున్న మనిషిని ఆ మెషీన్‌లో పెడతారా?"

"ఇంకేమైనా ఉందా! అది అయస్కాంతం. కన్ను పోతుంది. బొమ్మా చెడిపోతుంది."

ఆమె ఎక్స్‌రే పైకెత్తింది. కంటి పక్కన తెల్లటి ముక్క. ఎమ్మారైలో రెండు కళ్లూ శుభ్రంగా ఉన్నాయి.

డాక్టర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పేరు చూశాను... తండ్రి పేరు చూడలేదు."

"ఉంటేగా చూడ్డానికి? ఆ అంచు కత్తిరించేశారు. మన దగ్గర పెద్ద మనవడికి తాత పేరే. ఆ తాతకు ఇద్దరు కొడుకులు, వాళ్లకు చెరో సకెల్లారిస్. నోమికోస్, మీ నాన్న పేరేంటి?"

"సకెల్లారిస్," అని నోమికోస్ గొణిగాడు.

కొట్టడానికి లేచిన కెప్టెన్ చెయ్యి మధ్యలోనే ఆగింది.

"ఈ మెదడు మా తమ్ముడిదా? రెండేళ్లుగా రోగమా? 'పిరేయస్ పట్నంలో నాన్న హాయిగా ఉన్నాడు' అన్నావేరా! ఇప్పుడు వాడి దగ్గరెవరున్నారు?"

"ఎవరూ లేరు పెదనాన్నా. తాళం వేసి వచ్చా. మొన్న."

థెమెలీనా అప్పటికే పిరేయస్ పోలీసులకు ఫోన్ కలుపుతోంది. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

డాక్టర్ కోర్టు కాగితాలు చింపబోయాడు.

"ఆగవయ్యా! చింపకు," అని కెప్టెన్ గద్దించాడు. "రోగి దగ్గర నా తమ్ముడి పేరు రాయి. సంరక్షకుడి దగ్గర నా పేరు రాయి. కాదనే జడ్జి ఎవడో నేనూ చూస్తా!"

పదకొండు కొట్టింది. అందరికన్నా ముందు ఆయనే లోపలికి నడిచాడు.