వాడకంలో లేని ఆబ్జెక్ట్

ఏడో రోజు ఉదయం కొత్త కంపైలర్ పని ముగించింది. మాణిక్యమ్మ చెవి వెనకున్న చిప్ వేడి రెండు డిగ్రీలు తగ్గింది. డాక్టర్ ఇందుశేఖర్ ఆ అంకెను పాత, కొత్త కంపైలర్ల పోలిక పట్టికలో రాసుకున్నాడు.

రెండేళ్ల కిందట మెదడువాపు వచ్చి ఆమె జ్ఞాపకాలు చెదిరిపోయాయి. విశాఖలోని ఈ పరిశోధనాలయం వాటిని ప్రోగ్రామ్‌గా కూర్చి చిప్‌లో పెట్టింది. ఆమె ఎరిగిన ప్రతి మనిషీ అందులో ఒక ఆబ్జెక్ట్. ముఖం, గొంతు, పేరు, కలిసి గడిపిన రోజులు, అన్నీ ఒకే మూటలో ఉంటాయి. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను చిప్‌కు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చేది కంపైలర్. పాత కంపైలర్ తనంతట తాను దేన్నీ వదిలేది కాదు. దాంతో చిప్ వేడెక్కి, తలనొప్పితో ఆమె గోడకు తల బాదుకునేది. కొత్తది వారంపాటు గమనించి, వాడకంలో లేనివి తీసేస్తుంది. కంపైలర్‌ను నడిపే పాత ప్రోగ్రామింగ్ ఎన్విరాన్‌మెంట్ ఏది తీసెయ్యాలన్నా ముందు స్క్రీన్ మీద అడిగేది. కొత్తది అడగదు. ఆ తేడాను ఇందుశేఖర్ ‘సౌలభ్యం’ కింద రాశాడు.

రీడింగులు చెడతాయని ఆమె భర్త గవర్రాజును వారమంతా వరండాలోనే కూర్చోబెట్టారు. లోపల ఆమెను సగం మత్తులో ఉంచి, ఇంటి ఆల్బమ్ చూపిస్తూ ఒక్కొక్కరి పేరూ చెప్పించారు. గవర్రాజు ఫొటోగ్రాఫర్. ఆల్బమ్‌లోవన్నీ అతను తీసినవే. ఒక్కదాంట్లోనూ అతను లేడు.

ఇప్పుడు అతన్ని లోపలికి రమ్మన్నారు.

"నొప్పి తగ్గిందా మాణిక్యం?" అన్నాడు.

ఆమె పైట సర్దుకుని డాక్టర్ వైపు తిరిగింది. "ఈయనెవరండీ? పేరు పెట్టి పిలుస్తున్నారేంటి?"

ఇందుశేఖర్ తీసేసిన వాటి జాబితా తెరిచాడు. అందులో ఒకే పేరుంది.

"పాతదే పెట్టేయండి డాక్టరుగారూ," అన్నాడు గవర్రాజు.

"పెట్టొచ్చు. కాపీ ఉంది. కానీ ఆవిడ ఒప్పుకోవాలి."

"పెడితే ఆ నొప్పి మళ్లీ వస్తుందా?" అని అడిగింది మాణిక్యమ్మ.

"వస్తుంది."

ఆమె గవర్రాజును కాసేపు జాలిగా చూసింది. "చూస్తే మంచివారిలాగే ఉన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఆ నరకం నేనెందుకు పడాలి, మీరే చెప్పండి."

రెండేళ్లు రాత్రింబవళ్లు ఆ నుదురు నొక్కిందీ, ఈ ప్రయోగానికి దరఖాస్తు పెట్టిందీ అతనే.

"వద్దులెండి," అన్నాడు గవర్రాజు. "మీరు పడకండి."

ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరొస్తారని నర్సు అడిగితే మాణిక్యమ్మ తమ్ముడి పేరు చెప్పింది. నంబరు గుర్తులేదంది. గవర్రాజు వరండాలోకి వచ్చి, బావమరిదికి తనే ఫోన్ చేశాడు.